ఊరి శుభ్రత పని మహిళా సంఘం చేతికొస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

మీటింగు అయిపోయి, పుస్తకాలు సర్దుకుని, అందరూ లేచాక ఎవరో ఒకరు గుమ్మం దగ్గర ఆగి మెల్లగా అడిగే ప్రశ్నలివి. ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా దాదాపు ఇవే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

మాది పొదుపు సంఘం. ఊరి శుభ్రత మా పనెలా అవుతుంది?

సంఘం అప్పుల పుస్తకం తీసి, ఎవరు దేనికి అప్పు తీసుకున్నారో ఒకసారి చూడండి. "ఆసుపత్రి ఖర్చు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. పిల్లాడికి విరేచనాలు, అత్తగారికి టైఫాయిడ్, ఇంటాయనకు డెంగ్యూ. గేదె కోసం తీసుకున్న డబ్బు సెలైన్లకు పోతుంది, వాయిదా మాత్రం ఆగదు. పొదుపుకీ మురికినీళ్లకీ చుట్టరికం అక్కడే ఉంది.

ఇది కొత్తగా ఎవరో తగిలించిన పనీ కాదు. మనం మీటింగుల్లో చదివే పంచసూత్రాలకు, అంటే సంఘం నడిచే అయిదు నియమాలకు, తర్వాత మరో అయిదు కలిపి దశసూత్రాలు చేశారు. అందులో ఆరోగ్యం, పారిశుధ్యం ఉన్నాయి, పంచాయతీ పనుల్లో పాలుపంచుకోవడం కూడా ఉంది. అంతకుముందే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. ఆ గొడవ రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. పలకా బలపం పట్టుకున్నవాళ్లు అక్కడిదాకా వెళ్లారంటే, పొదుపు పుస్తకం పట్టుకున్నవాళ్లు సైడు కాల్వ దాకా వెళ్లడంలో వింతేమీ లేదు.

ఇదంతా ఆడవాళ్ల నెత్తిన ఇంకో చాకిరీ పెట్టడం కాదా?

అవుతుంది, జాగ్రత్తపడకపోతే తప్పకుండా అవుతుంది. చాలా ఊళ్లలో జరుగుతున్నదీ అదే. ఫొటో రోజున ఆడవాళ్ల చేతికి చీపుర్లిస్తారు, మైకు వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. దానికి "సాధికారత" అని పేరు.

నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. పనితో పాటు ఏదో ఒక అధికారం మీ చేతికి వస్తోందా? ట్యాంకు కడగమంటే ట్యాంకు తాళం చెవి కూడా మీకివ్వాలి. చెత్త విడదీయమంటే చెత్త బండి ఏ వీధికి ఎప్పుడు రావాలో చెప్పే మాట మీకుండాలి. నీళ్లు పరీక్షించమంటే ఆ ఫలితం గ్రామసభలో చదివే హక్కు మీకుండాలి. కాల్వలో పూడిక తీయడం, వీధులు ఊడ్వడం పంచాయతీ చేయాల్సిన పని, కార్మికులకు జీతమిచ్చి చేయించాల్సిన పని. సంఘం దాన్ని అడగాలి, గమనించాలి, అంతేగాని ఉచితంగా నెత్తికెత్తుకోకూడదు.

ముందు ఏ పని పట్టుకోవాలి? అన్నీ సమస్యలే కదా

ఒకరోజు ఉదయం, ఎండ ముదరకముందే, పదిమంది కలిసి ఊరంతా ఒక చుట్టు తిరగండి. తిరిగొచ్చి బడి ఆవరణలో ముగ్గుపిండితో ఊరి పటం గీయండి. బోరింగులు, ట్యాంకు, కాల్వలు, పెంటకుప్పలు, ఇంకా బయటికి వెళ్తున్న జాగాలు అన్నీ గుర్తు పెట్టండి. పటం గీసేటప్పుడే వాదన మొదలవుతుంది, అదే మనకు కావాలి. "మా వీధి బోరింగు చుట్టూ బురదే, అది పెట్టలేదేం?" అని ఒకావిడ లేస్తుంది. చాలాసార్లు ఆవిడ ఊరి చివరి వాడ నుంచి వచ్చిన మనిషే అయి ఉంటుంది.

నెలలోపు కంటికి కనబడేలా అయ్యే పని ఒకటి ముందు ఎంచుకోండి. బోరింగు చుట్టూ గచ్చు, నీళ్లు పోయే దారి లాంటిది. మొదటి పనే మరుగుదొడ్లు అని పెట్టుకుంటే ఏడాది లాగుతుంది, ఈలోపు సగంమంది జారుకుంటారు.

మా అత్తగారు, మా ఆయన "ఊరి మురికి నీకెందుకు" అంటున్నారు. ఏం చెప్పాలి?

ఒంటరిగా వాదించొద్దు. ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి మీ ఇంటికి వెళ్లి, అత్తగారిని పెద్ద మనిషిగా మీటింగుకి పిలవండి. "ఒకప్పుడు నీళ్లెక్కడి నుంచి తెచ్చేవారు అత్తమ్మా?" అని అడిగితే చాలు, గంటసేపు ఆవిడే చెప్తుంది. అలా వచ్చిన అత్తగారే తర్వాత కోడలికి అండగా నిలబడ్డ ఇళ్లు చాలా చూశాను. మీటింగు వేళ కూడా చూసుకోండి. వంట వేళకో, కోతల రోజుల్లోనో పెడితే ఇంట్లో గొడవ మనమే కొనితెచ్చుకున్నట్టు.

మగవాళ్లను పిలవాలా వద్దా?

పిలవాలి, అయితే అన్ని మీటింగులకీ కాదు. ఆడవాళ్లు నోరు విప్పి మాట్లాడుకునే మీటింగు ఒకటి విడిగా ఉండాలి. అక్కడ తేల్చుకున్న మాటను నలుగురిలో పెట్టేటప్పుడు మగవాళ్లు ఉండాలి. ఎందుకంటే ఇంట్లో డబ్బు తీసేదీ, గుంత తవ్వించేదీ చాలాచోట్ల ఇప్పటికీ వాళ్లే. ఆరుబయటకి వెళ్లే అలవాటు వదలనిది కూడా ఎక్కువగా వాళ్లే.

## ఇంటింటికీ వెళ్లేటప్పుడు

"మాకు తెలుసులేమ్మా" అని పంపేస్తున్నారు. ఎలా చెప్పాలి?

నిజంగానే వాళ్లకు తెలుసు. చేతులు కడుక్కోవాలని తెలియని మనిషి ఇవాళ లేడు. కాబట్టి చెప్పడం మానేసి చూపించండి.

బడి పిల్లల దగ్గర, అంగన్‌వాడీలో, సంఘం మీటింగులో ఎక్కడైనా పనిచేసేది ఇది. ఇద్దరి అరచేతులకు నాలుగు చుక్కల వంటనూనె రాసి, పైన చిటికెడు పసుపు రుద్దండి. ఒకరిని ఉత్త నీళ్లతో కడుక్కోమనండి, ఇంకొకరిని సబ్బుతో. తర్వాత ఇద్దరి చేతులూ తెల్లగుడ్డతో తుడవండి. ఉత్తనీళ్ల గుడ్డ మీద పచ్చటి వేళ్లు అచ్చుపడతాయి. గోళ్ల సందుల్లో, బొటనవేలి వెనక పసుపు అలాగే ఉంటుంది. ఆ గుడ్డ ఎత్తి చూపించి ఊరుకోండి, వ్యాఖ్యానం వద్దు. "ఈ చేత్తోనేగా ముద్ద కలిపేది" అని గుంపులోంచే ఎవరో అంటారు. మనం అంటే పాఠం అవుతుంది, వాళ్లంటే గుర్తుంటుంది.

సబ్బు ప్రతిసారీ అంటే ఖర్చు కదా? బూడిద సరిపోదా?

ఏమీ లేనప్పుడు ఉత్త నీళ్లకన్నా బూడిద మేలు, కానీ అందుబాటులో ఉంటే సబ్బే వాడండి. సబ్బుతో చేతులు కడిగే అలవాటు ఉన్నచోట విరేచనాలు సుమారు 30 శాతం తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ఖర్చు తగ్గించే ఉపాయం ఒకటుంది. లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల బట్టల పౌడరు కలిపి సీసాలో పోసి, మూతకు చిన్న రంధ్రం పెట్టండి. నొక్కితే నాలుగు చుక్కలు వస్తాయి, చాలా రోజులొస్తుంది.

ఖర్చుకన్నా పెద్ద అడ్డంకి సబ్బు ఉండే చోటు. స్నానాల గదిలో ఉన్న సబ్బు కోసం పొయ్యి దగ్గర నుంచి లేచి ఎవరూ వెళ్లరు. మరుగుదొడ్డి పక్కన ఒకటి, వంట చేసేచోట ఒకటి, అందేంత దూరంలో నీళ్లు. దొడ్డికెళ్లొచ్చాక, పసివాళ్లకు కడిగాక, వంట ముందు, తినే ముందు, పిల్లలకు తినిపించే ముందు, ఈ వేళలు తప్పకుండా చూసుకోండి.

పసిపిల్లల దొడ్డి వల్ల ఏం కాదంటారు, నిజమేనా?

కాదు. పెద్దవాళ్లదెంత ప్రమాదమో అదీ అంతే, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, ఎందుకంటే కడుపు జబ్బులు ఎక్కువగా వచ్చేది పిల్లలకే. పెంటకుప్ప మీద పారేయడం, కాల్వలో కడగడం మానేసి మరుగుదొడ్డిలోనే వేయాలి. డైపర్లు మాత్రం అందులో వేయకండి, గొట్టం మూసుకుపోతుంది.

విరేచనాలైతే ముందు ఏం చేయాలి?

ఓఆర్‌ఎస్. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దగ్గర ప్యాకెట్లు ఉచితంగా దొరుకుతాయి. పెద్ద ప్యాకెట్ మొత్తం సరిగ్గా లీటరు మంచినీళ్లలో ఒకేసారి కలపాలి, ఇవాళ సగం రేపు సగం కాదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. తల్లిపాలు, అన్నం ఆపొద్దు. పిల్లలకు ఆశా ఇచ్చే జింకు మాత్రలు విరేచనాలు తగ్గిపోయినా 14 రోజులూ వేయాలి.

మలంలో రక్తం పడినా, కళ్లు లోపలికి పోయినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా ఇంట్లో ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

## మరుగుదొడ్డి

కట్టించుకున్నారు కానీ వాడట్లేదు, పిడకలు పెట్టుకుంటున్నారు. ఏం చేయాలి?

తిట్టే ముందు లోపలికి వెళ్లి చూడండి. స్వచ్ఛ భారత్ కింద 2014 అక్టోబరు 2 తర్వాత హడావిడిగా కట్టిన వాటిలో కొన్నింటికి తలుపు సరిగా పడదు, కొన్నింటికి గుంతకు గొట్టమే కలపలేదు, కొన్నింట్లో నీటి వసతి లేదు. పిడకలు పెట్టినావిడ తెలివితక్కువది కాదు, ఆ గది దేనికి పనికొస్తే దానికి వాడుకుంది.

ఒక ఇంట్లో ఇలాగే అడిగితే ఆ ఇల్లాలు తలుపు మూసి చూపించింది. తలుపు కింద జానెడు సందు, ఎదురుగా వీధి. "కూర్చుంటే కాళ్లు కనబడతాయమ్మా" అంది. ఆ సందుకు ఒక రేకు ముక్క కొట్టించాక పిడకలు బయటికొచ్చాయి. రిపేరు ఎక్కడ కావాలో జాబితా రాసి పంచాయతీలో పెట్టండి. చిన్న చిన్నవాటికి సంఘం నుంచి అంతర్గత అప్పు ఇవ్వొచ్చు.

తెల్లారుజామున విజిల్ ఊదుకుంటూ వెంటపడటం, రేషన్ ఆపేస్తామని బెదిరించడం మాత్రం వద్దు. సిగ్గుపడేది ఎప్పుడూ పేదింటి ఆడమనిషే. ఆమె మళ్లీ మీ మీటింగుకి రాదు.

రెండు గుంతలది మంచిదా, సెప్టిక్ ట్యాంకా?

నేల నీళ్లు పీల్చేదైతే రెండు గుంతలదే. ఖర్చు తక్కువ, పైగా పూడిక తీయడానికి మనిషి మలం ముట్టుకునే పని ఉండదు. సెప్టిక్ ట్యాంకు పెద్దదిగా కట్టి గొప్పగా చెప్పుకుంటారు, దానిలోంచి వచ్చే నీళ్లను మాత్రం తిన్నగా వీధి కాల్వలోకి వదులుతారు. అది ఆరుబయటకి వెళ్లడంకన్నా పెద్ద తేడా ఏమీ కాదు. నిండాక రక్షణ సామగ్రి లేకుండా మనుషులను దింపి ఎత్తించడం, ఆ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువుకు ప్రాణాలు పోయిన ఘటనలు ఎన్నో.

గుంతలు తాగునీటి బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. ఇసుక నేల, పగుళ్ల రాయి, నీళ్లు పైకే తగిలే చోటైతే ఇంకా దూరం, అక్కడ ఇంజనీరును అడగకుండా తవ్వొద్దు. గుంత అడుగున కాంక్రీటు వేయకూడదు. మేస్త్రీలు "గట్టిగా ఉంటుంది" అని వేసేస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి. ఈ గుంతలకు గాలి గొట్టం కూడా అక్కర్లేదు, వాయువును మట్టే పీల్చుకుంటుంది.

గుంత నిండితే ఎవరు తీస్తారు? ఆ భయంతోనే మావాళ్లు వాడట్లేదు

అయిదారుగురు ఉన్న ఇంట్లో ఒక గుంత సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది. నిండాక మధ్యలో ఉన్న ఛాంబరు మూత తీసి, మొదటి గుంత దారి మూసి, రెండోదానికి దారి తెరవాలి, అంతే. నిండిన గుంతను కనీసం ఏడాదిపాటు కదపకూడదు. తర్వాత తెరిస్తే అందులో ఉండేది నల్లటి పొడి మట్టి, వాసన రాదు, చేనుకి ఎరువు. ఒక్కసారి అలా తెరిచిన గుంతను ఊళ్లో నలుగురికీ చూపించండి. మాటలతో పోని అసహ్యం ఆ మట్టిని చూస్తే పోతుంది. రెండు గుంతలూ ఒకేసారి వాడుతుంటే మాత్రం ఈ లెక్కంతా పోతుంది, ఛాంబరు తెరిచి చూసుకోండి.

సర్కారు ఎంత ఇస్తుంది?

స్వచ్ఛ భారత్ గ్రామీణ్ కింద అర్హత ఉన్న ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకం. మీ ఇంటి పేరు జాబితాలో ఉందో లేదో పంచాయతీ కార్యదర్శిని అడగండి. మధ్యలో ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు.

## తాగే నీళ్లు

నీళ్లు తేటగానే ఉన్నాయి, పరీక్ష దేనికి?

తేటదనానికీ మంచితనానికీ సంబంధం లేదు. ఫ్లోరైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. కడుపు జబ్బుల క్రిములు కంటికి కనబడవు.

ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వడానికి 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పాలని ఉంది. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో అడగండి. కిట్ పంచాయతీ బీరువాలో సీలు తీయకుండా పడుందేమో కూడా చూడండి, నాకు కనబడింది. క్రిముల కోసం వాడే చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, నీళ్లలో మలం కలిసి ఉంటే నల్లబడుతుంది. ఆ నల్లసీసా గ్రామసభ బల్ల మీద పెడితే, పది అర్జీలు చేయలేని పని చేస్తుంది. నల్లబడిందంటే పెద్ద ల్యాబుకు పంపి ఖాయం చేసుకోవాలి, ఈలోపు ఆ నీళ్లు కాచకుండా తాగొద్దు.

బావిలో బ్లీచింగ్ ఎంత వేయాలి?

మంచి పౌడరైతే 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు. గుండ్రటి బావికి లెక్క ఇలా కట్టండి. వెడల్పును వెడల్పుతో, తర్వాత నీటి లోతుతో గుణించండి, అన్నీ మీటర్లలో. దాన్ని 3.14తో గుణించి 4తో భాగించి, 1000తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల నీళ్లున్న బావిలో దాదాపు 28,000 లీటర్లుంటాయి, 70 గ్రాములు చాలు. గంపెడు గుమ్మరించే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

పొడిని నేరుగా బావిలో చల్లొద్దు. బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పై తేటను మాత్రమే దింపాలి. గంటసేపు ఎవరూ తోడకూడదు. తర్వాత క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే చిన్న కిట్‌తో, చూడండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లయితే ట్యాంకు కింద కాదు, ఊరి చివరి కుళాయి దగ్గర చూడాలి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి ఉండాలి. ఎండలో, మూత లేకుండా ఉంచిన బ్లీచింగ్ సున్నంతో సమానం, బస్తా ఎప్పటిదో అడగండి.

కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది, అంటే ఇంకా చిక్కనవుతుంది. నల్లగొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో దీనివల్ల నడుములు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లకు ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదని తెలుసు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతి ఉంది. ఆపైన ఉంటే ఆ బోరు తాగడానికి పనికిరాదు. కాచడం క్రిములకు మందు, దీనికి కాదు. వేరే నీటి వనరు అడగండి.

కుళాయి నీళ్లు మంచివే. అయినా ఇంట్లో జబ్బులు తగ్గట్లేదు

బిందెలో చెయ్యి మునుగుతోందేమో చూడండి. గ్లాసు ముంచి తీసే ఇంట్లో ట్యాంకు దగ్గర ఎంత క్లోరిన్ కలిపినా లాభం తక్కువ. పొడుగు కాడ గరిటె, లేదా అడుగున కుళాయి ఉన్న డబ్బా వాడండి, బిందెను రోజూ తోమండి. కాల్వలోంచి వెళ్లే కుళాయి గొట్టం పగిలినా మురికి లోపలికి వస్తుంది. నీళ్లు ఆగి మళ్లీ వచ్చేటప్పుడు మొదటి బిందె వాసన చూస్తే తెలుస్తుంది.

## నెలసరి

అంతమందిలో ఈ మాట ఎలా ఎత్తాలి?

ఎత్తనక్కర్లేదు, దారి ఇస్తే చాలు. చీటీలిచ్చి పేరు రాయకుండా సందేహం రాయమనండి, రాయడం రానివాళ్లకు పక్కనున్న అమ్మాయి రాస్తుంది. చీటీలు తీసి చదువుతుంటే నవ్వులు మొదలై, కాసేపటికి మాటలవుతాయి. బడిలో ఆడపిల్లలకు చెప్పేటప్పుడు తల్లులను కూడా పిలవండి. "ముట్టుకోకూడదు, పచ్చడి జాడీ దగ్గరికి పోకూడదు" అనే మాటలు పిల్లలకు వచ్చేది అక్కడి నుంచే.

గుడ్డ వాడటం తప్పా?

తప్పు కాదు. నూలు గుడ్డ సబ్బుతో ఉతికి ఎండలో ఆరితే శుభ్రమైనదే. తప్పంతా దాన్ని ఎవరూ చూడకూడదని మంచం కింద, తడి చీర మడతల్లో ఆరేయడంలో ఉంది. తీగ మీద ఎండకు ఆరేసే ధైర్యం ఇంట్లో కలిగించడమే మనం చేయాల్సింది. ప్యాడ్లు కావాలంటే జన ఔషధి కేంద్రాల్లో రూపాయికొకటి దొరుకుతాయి. గుడ్డయినా ప్యాడయినా నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలి. నెలసరికి లోపల పెట్టుకునే కప్పు ఒకటి కొంటే ఏళ్లపాటు వస్తుంది, 12 గంటలు మించి ఉంచకూడదు, నెలనెలా మరిగించాలి. పెళ్లికాని పిల్లలకు అది ఒప్పుకునే ఇళ్లు తక్కువ, బలవంతం చేయకండి.

వాడిన ప్యాడ్లు మరుగుదొడ్డిలో వేయొద్దు. కాగితంలో చుట్టి పొడిచెత్తకు విడిగా ఇవ్వాలి. పొయ్యిలో, కుప్పలో తగలబెడితే ప్లాస్టిక్ పొగ మనమే పీలుస్తాం.

తెల్లబట్ట అవుతోందని డాక్టరు గర్భసంచి తీసేయాలన్నారు. తీయించుకోవాలా?

ఆగండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది అన్న మాట మన ఊళ్లలో మామూలైపోయింది. గర్భసంచి తీసివేత ఆపరేషన్లు దేశంలో బాగా ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి.

వాసన, దురద లేకుండా పల్చగా కొంచెం తెల్లబట్ట కావడం సహజం. వాసన, దురద, పచ్చదనం, పొత్తికడుపు నొప్పి ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, చాలావరకు మందులతో తగ్గుతుంది, భర్తకూ మందు వాడాల్సి రావచ్చు. ముందు పీహెచ్‌సీకి వెళ్లండి, తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో గైనకాలజిస్టుకు చూపించండి. "ఇవాళ తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని ఎవరైనా తొందరపెడితే, పరీక్ష కాగితాలన్నీ తీసుకుని రెండో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన ఇబ్బందులన్నీ మొదలవుతాయి, ఎముకలు బలహీనపడతాయి. ముప్ఫైల్లో ఉన్న ఆడమనిషి నడుం నొప్పితో కూలికి పోలేక ఇంట్లో కూర్చుంటే, ఆ అప్పు కూడా చివరికి సంఘం పుస్తకంలోకే వస్తుంది.

## చెత్త, మురుగు, దోమలు

ఫాగింగ్ చేయించమని పంచాయతీని అడుగుతున్నాం. చేయట్లేదు

ఫాగింగ్ ఆ వేళకు ఎగురుతున్న దోమలను చంపుతుంది, నీళ్లలో ఉన్న దోమ పిల్లలను కాదు. డెంగ్యూ దోమ మురికి కాల్వలో కన్నా మన ఇంట్లో నిలవ నీళ్లలోనే పెరుగుతుంది, పగటిపూట కుడుతుంది. తొట్టి, పాత టైరు, కొబ్బరిచిప్ప, ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ చూడండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి, శుక్రవారం డ్రై డే అని, అన్నీ ఒలకబోసి తోమి ఎండబెట్టమంటారు. ఒక వీధి చేసి పక్క వీధి చేయకపోతే ఉపయోగం ఉండదు.

కాల్వ లేని వీధిలో వాడుక నీళ్లు ఎటు పంపాలి?

ఇంకుడు గుంతకి. ఉపాధి హామీ పనుల కింద ఎన్నో ఊళ్లలో తవ్వారు. స్నానాల నీళ్లు, గిన్నెల నీళ్లు మాత్రమే పంపాలి, మరుగుదొడ్డి నీళ్లు కాదు. అన్నం మెతుకులు, జిడ్డు ఆగడానికి ముందు చిన్న జాలీ తొట్టి ఉండాలి. అది లేక ఏడాదిలోనే మూసుకుపోయిన గుంతలే ఎక్కువ. జాగా ఉంటే నాలుగు అరటి మొక్కలు పెట్టినా చాలా నీళ్లు తాగేస్తాయి.

## డబ్బు, పంచాయతీ, మాట చెల్లుబాటు

డబ్బెక్కడిది? పంచాయతీలో నిధుల్లేవంటున్నారు

"నిధుల్లేవు" అంటే ఏ పద్దులో లేవో అడగండి. 2021 నుంచి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్న షరతు పెట్టారు. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చూడటం మీ హక్కు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏటా 10,000 రూపాయల దాకా విడి నిధి ఉంటుంది, లెక్క ఏఎన్ఎంకు (ఊరి నర్సుకు), ఆశాకు తెలుస్తుంది. నీటి కమిటీలో సగంమంది ఆడవాళ్లుండాలని జల్ జీవన్ మార్గదర్శకాలున్నాయి. ఆ కమిటీలో మీ పేరు మీకు తెలియకుండానే ఉండొచ్చు, జాబితా తీసి చూడండి.

గ్రామసభలో మాట్లాడితే ఎవరూ పట్టించుకోరు

మాట గాలికి పోతుంది, కాగితం పోదు. ముందు రోజే, ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం మీటింగులో తీర్మానం రాసి సంతకాలు పెట్టండి. గ్రామసభలో చదివి, మినిట్స్ పుస్తకంలో ఎక్కేదాకా కూర్చోండి, ఎక్కాక ఫొటో తీసుకోండి. పదిమంది పది విషయాలు ఎత్తొద్దు, ఒక సభకి ఒక్కటే. ముప్ఫైమంది ఒకేచోట కూర్చుని ఒకే మాట అడిగితే కార్యదర్శి పెన్ను కదులుతుంది.

సర్పంచి ఆడమనిషే, కానీ అంతా వాళ్లాయనే చూస్తాడు

రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి, చాలాచోట్ల కుర్చీ ఆమెది, సంతకం మాత్రం ఆయన చెప్పినచోట. ఆయనతో గొడవపడితే ఆమెకే ఇబ్బంది. మీ అర్జీలు ఆమె చేతికే ఇవ్వండి, ఆమె పేరుతోనే పిలవండి, మీటింగుకి ఆమెనే రమ్మనండి. "సార్ ఉన్నారా?" అని మీరే అడిగితే ఇంక చెప్పేదేముంది. సంఘం సభ్యురాలిగా లెక్కలు రాసిన ఆడమనిషి సర్పంచి అయిన ఊళ్లో ఈ బెడద తక్కువగా చూశాను.

ప్యాడ్లో, ఫినాయిలో తయారుచేసే యూనిట్ పెడదామా?

మిషను కొనే ముందు కొనేవాళ్లను చూసుకోండి. మన ఊరి ఆడవాళ్లు, పక్క రెండు ఊళ్లు, బడి, హాస్టలు ఎంత కొంటారో నెలరోజులు కాగితం మీద రాయండి. పెద్ద కంపెనీ సరుకు, సర్కారు రాయితీ సరుకు ముందు మన ధర నిలుస్తుందా? చాలా యూనిట్లు మూతపడింది తయారుచేయడం రాక కాదు, అమ్ముడుపోక. ముందు ఫినాయిల్‌తో చిన్నగా మొదలుపెట్టండి, పోయినా తక్కువలో పోతుంది.

## ఆర్నెల్లు గడిచాక

మొదట్లో ఉన్న ఊపు లేదు. నలుగురమే మిగిలాం

ఎక్కడైనా అంతే. నలుగురు మిగిలారంటే నలుగురికీ విసుగొచ్చేదాకా చేయొద్దు. పనిని నెలవారీగా సంఘాల మధ్య పంచండి. ఈ నెల నీళ్ల పరీక్ష ఒక సంఘం, వచ్చే నెల ఇంకో సంఘం. దారి ఖర్చు, ఫోను ఖర్చు గ్రామ సంఘం నుంచి ఇప్పించండి. మానేసినవాళ్లను మందలించకండి, ఎందుకు మానేశారో అడగండి. ఒకచోట అడిగితే, "ప్రతిసారీ టీ గ్లాసులు మా వాడవాళ్లతోనే కడిగించారు" అన్నారు. శుభ్రత గురించి మాట్లాడే మీటింగులోనే అది జరిగింది.

పని జరిగిందని ఎలా తెలుస్తుంది?

ర్యాలీలు, ఫొటోలు లెక్కలోకి రావు. నెలకోసారి ఓ పది ఇళ్లకు చెప్పకుండా వెళ్లండి. మరుగుదొడ్డి పక్కన సబ్బు తడిగా ఉందా? లోపల నేల తడిగా ఉందా, సాలెగూళ్లున్నాయా? బిందె మీద మూత ఉందా? ఆశా రిజిస్టర్‌లో విరేచనాల కేసులు పోయిన వానాకాలంతో పోల్చి చూడండి, వేసవితో కాదు.

ఇంకో లెక్క కూడా పక్కన రాసుకోండి. ఈ ఆర్నెల్లలో గ్రామసభలో ఎంతమంది ఆడవాళ్లు నోరు తెరిచారు, వాళ్లలో చివరి వాడ నుంచి ఎందరు, ట్యాంకు తాళం చెవి ఇప్పుడు ఎవరి దగ్గరుంది.